పాట వినే గది: గోడల మీద ఏం పెట్టాలి?



మంచి స్పీకర్లు కొనుక్కుని ఇంట్లో తీరిగ్గా పాట వినాలన్న సరదా ఈ మధ్య మనవాళ్ళలో బాగా పెరిగింది. సంతోషించాల్సిన సంగతే. అయితే చాలామంది నోట ఒకటే ఫిర్యాదు వింటున్నాను. దుకాణంలో ఎంతో తేటగా వినిపించిన పాట ఇంటికొచ్చాక అలా లేదంటారు. ఘంటసాల గొంతు గింగురుమంటోందట. చిట్టిబాబు వీణ మీద గమకాలు ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోతున్నాయట. మృదంగం తొప్పి మీద పడిన దెబ్బ గదంతా మోగి, తరవాత వచ్చే దెబ్బని మింగేస్తోందట. దాంతో యాంప్లిఫయర్ మార్చాలా, వైర్లు మార్చాలా అని ఆలోచనలో పడతారు. నన్నడిగితే, వాటి జోలికి పోకుండా ముందు గోడల వైపు చూడమంటాను.

పాత పెంకుటిళ్ళలో ఈ బాధ ఇంతగా ఉండేది కాదు. శబ్దంలో కొంత పెంకుల సందుల్లోంచి పైకి పోయేది. గదిలో నులక మంచాలు, పరుపు చుట్టలు, దండెం మీద బట్టలు, మూల వడ్ల బస్తాలు ఉండేవి. ఇప్పటి గది సంగతి చూడండి. పైన కాంక్రీటు శ్లాబు, కింద విట్రిఫైడ్ టైల్సు, చుట్టూ పుట్టీ పెట్టి నున్నగా రంగు వేసిన గోడలు, ఒక పక్క నిలువెత్తు గాజు తలుపు. సిమెంటు పూత పూసిన గోడ తన మీద పడిన శబ్దంలో నూటికి రెండు మూడు వంతులు మాత్రమే పీల్చుకుంటుంది. మిగిలినదంతా వెనక్కి తిప్పి కొడుతుంది. అది ఎదుటి గోడకి తగులుతుంది, అక్కణ్ణుంచి శ్లాబుకి, శ్లాబు నుంచి నేలకి. స్పీకరు నుంచి నేరుగా చెవికి వచ్చిన స్వరం వెంట ఈ తిరుగుడు స్వరాలన్నీ వచ్చి పడుతుంటే పాటకి తేట ఎక్కడుంటుంది?

నేనిప్పుడు మాట్లాడుతున్న రేడియో స్టూడియో అలాంటిది కాదు. రేడియో స్టూడియోల్లో గోడలకి చిల్లుల పలకలు బిగించి, వాటి వెనక గాజు ఉన్ని పెట్టి, ఆ వెనక కొంత ఖాళీ వదలడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. నా మాట మీకు మోత లేకుండా చేరుతోందంటే అందులో ఈ గోడల పాలు చాలా ఉంది. ఆ చిల్లుల వెనక ఉన్న సరుకూ, ఆ ఖాళీ, ఈ రెండింటి గురించే ఈ పూట చెప్పదలుచుకున్నాను.

ఈ విద్యకి లెక్కలు కట్టినవాడు వాలస్ సబీన్. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పే యువ అధ్యాపకుడు. అక్కడ ఫాగ్ ఆర్ట్ మ్యూజియంలో కొత్తగా కట్టిన ఉపన్యాస మందిరంలో మాట ఒక్కటీ అర్థమయ్యేది కాదు. పలికిన మాట అయిదు సెకన్లకి పైగా గాలిలో నిలిచి, వెనకొచ్చే మాటలతో కలిసిపోయేది. దాని సంగతి చూడమని 1895లో సబీన్‌కి అప్పగించారు. ఆయన ఎక్కువగా తన చెవినే నమ్ముకున్నాడు. పక్కనే ఉన్న సాండర్స్ థియేటర్లో కుర్చీల మీది మెత్తలు రాత్రిపూట మోయించి తెచ్చేవాడు. ఊరు సద్దుమణిగాక ఆర్గన్ గొట్టం ఒకటి ఊది, ఆ నాదం చెవికి వినపడకుండా పోయేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకునేవాడు. కొన్ని మెత్తలు పెట్టి ఒకసారి, మరికొన్ని చేర్చి ఇంకోసారి. తెల్లారేలోగా మెత్తలు మళ్ళీ థియేటర్లో ఉండాలి. ఆ రాత్రుల నుంచే ఇప్పటికీ వాడే సూత్రం పుట్టింది. గది ఘనపరిమాణం ఎంత పెరిగితే మోత అంత పెరుగుతుంది, పీల్చుకునే సరుకు ఎంత పెరిగితే అంత తగ్గుతుంది. ఎంత పీల్చుకుందని చెప్పడానికి ఆయన పెట్టుకున్న కొలత ఏమిటో తెలుసా? తెరిచిన కిటికీ! కిటికీలోంచి బయటికి పోయిన శబ్దం తిరిగి రాదు కదా. అందుకని తెరిచిన కిటికీ ఎంత శబ్దాన్ని పోగొడుతుందో అదే ప్రమాణం. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలుకి సలహా ఇచ్చినవాడూ ఆయనే. లెక్క వేసి కట్టిన మొదటి సంగీత మందిరం అదే అంటారు.

ఆ సూత్రాన్ని మన ఇంటికి తెచ్చుకుందాం. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గది అనుకోండి. దాదాపు 34 ఘనపు మీటర్లు. ఏ సామానూ లేకుండా తలుపులు మూసి ఉంటే లెక్క ప్రకారం మోత మూడు సెకన్లకి కాస్త అటూ ఇటుగా వస్తుంది. పాట వినే చిన్న గదికి అది 0.3, 0.4 సెకన్ల దగ్గర ఉంటే హాయిగా ఉంటుంది. 0.4కి రావాలంటే మొత్తం మీద పదమూడు, పద్నాలుగు చదరపు మీటర్ల తెరిచిన కిటికీకి సమానమైన పీల్పు కావాలి. ఒక సోఫా, నేల మీద దళసరి తివాచీ, కుచ్చులు దట్టంగా పడే తెరలు, కూర్చున్న మనుషులు, వీటన్నిటితో అందులో సగం వచ్చేస్తుంది. మిగిలిన సగానికి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న ప్యానెళ్ళు ఎనిమిది ఉంటే చాలు. గోడలన్నీ కప్పెయ్యక్కర్లేదు.

ఇక్కడిదాకా సులువే. చిక్కంతా ఆ ప్యానెల్ దేనితో చెయ్యాలన్న దగ్గర వస్తుంది.

మా మేనల్లుడు హైదరాబాదులో కొత్త ఫ్లాటు తీసుకుని, ఒక గది పాటలకే కేటాయించాడు. పిరమిడ్ల ఆకారంలో ఉండే అంగుళం మందం ఫోము పలకలు తెప్పించి, నాలుగు గోడలకీ ఖాళీ లేకుండా అంటించాడు. చూడ్డానికి అచ్చం రికార్డింగ్ స్టూడియోలానే ఉంది. లోపలికి అడుగుపెట్టి మాట్లాడితే నా మాట నాకే పీలగా వినిపించింది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ పెట్టాడు. తారస్థాయిలో ఉండాల్సిన మెరుపు చచ్చిపోయింది. ఇంకో కచేరీ పెడితే అందులో మృదంగం తొప్పి ఎప్పటిలాగే గుంయ్‌మంటోంది. అంటే పైస్వరాలు పోయాయి, మోత మిగిలింది. ‘ఇంత ఖర్చు పెట్టాను, ఎక్కడ పోయింది మావయ్యా?’ అన్నాడు. వాడికి చెప్పినదే మీకూ చెబుతున్నాను.

ఫోము, దూది, రాతి ఉన్ని (రాక్‌వూల్), ఇవన్నీ శబ్దాన్ని పీల్చుకునే తీరు ఒకటే. గాలి కదలికని తమ పోగుల మధ్య ఒరిపిడితో ఆపి, దాన్ని వేడిగా మార్చేస్తాయి. గాలి కదలాలి, అప్పుడే పట్టుకోగలవు. గోడకి కట్టిన తాడుని ఊపి చూడండి. ముడి దగ్గర తాడు కదలదు, ముడికి దూరం పోయేకొద్దీ ఊగుతుంది. గోడ దగ్గర గాలి కూడా అంతే. గోడని ఆనుకుని ఉన్న చోట కదలిక దాదాపు సున్నా. ఎక్కువ కదలిక ఎక్కడంటే, తరంగం పొడవులో నాలుగో వంతు దూరంలో. 1000 హెర్ట్జ్ స్వరానికి తరంగం పొడవు 35 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు మూడున్నర అంగుళాలు. 100 హెర్ట్జ్ స్వరానికి తరంగం మూడున్నర మీటర్లు, నాలుగో వంతంటే దాదాపు మూడడుగులు. గోడకి అంటించిన అంగుళం ఫోముకి ఆ మూడడుగుల దూరంలో ఏం జరుగుతోందో తెలిసే దారి లేదు. పైస్వరాలని పట్టుకుని, మంద్రాన్ని వదిలేస్తుంది. మా మేనల్లుడి గదిలో జరిగింది అదే.

కాబట్టి ప్యానెల్ విషయంలో నేను మొదట అడిగేది మందం ఎంత అని. పేరు, రంగు, ఆకారం ఆ తరవాత. అంగుళం ఫోము 125 హెర్ట్జ్ దగ్గర నూటికి పది వంతులు పీల్చుకుంటే గొప్ప. రెండంగుళాల రాతి ఉన్ని ఇరవై దాకా పోతుంది. నాలుగంగుళాలైతే సగం దాటుతుంది. ఇంకో మంచి సంగతి ఉంది. సరుకుని గోడకి అతికించకుండా ముందుకి జరిపి, వెనక ఖాళీ వదిలితే మంద్రస్వరాల్లో ఆ ఖాళీ కూడా మందం కింద పనిచేస్తుంది. రెండంగుళాల ప్యానెల్ వెనక రెండంగుళాలు వదిలితే నాలుగంగుళాల దానికి దగ్గరగా వస్తుంది. గాలికి డబ్బు కట్టక్కర్లేదు. స్టూడియో గోడల వెనక వదిలే ఖాళీ పని కూడా ఇదే.

ఫోము గురించి ఇంకొక మాట చెప్పకుండా ముందుకి పోలేను. అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలో స్టేషన్ అని ఒక నైట్‌క్లబ్ ఉండేది. చప్పుడు భరించలేకపోతున్నామని ఇరుగుపొరుగు గొడవ చేస్తే, యజమానులు వేదిక చుట్టూ పాలీయురిథేన్ ఫోము అంటించారు. 2003 ఫిబ్రవరి 20న పాటగాళ్ళ వెనక వెలిగించిన బాణసంచా నిప్పురవ్వలు ఆ ఫోముకి అంటుకున్నాయి. కొద్ది నిమిషాల్లో క్లబ్బంతా మంట, నల్లటి విషపు పొగ. 100 మంది చనిపోయారు. ఇందులో మనసుని కలచేది ఇంకొకటి ఉంది. ఇరుగుపొరుగుకి శబ్దం వెళ్ళకుండా ఆపే పని ఫోము వల్ల కానే కాదు. శబ్దం బయటికి పోకుండా ఆపాలంటే బరువు కావాలి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, దిట్టమైన తలుపు, సందులు లేని చట్రం కావాలి. గదిలో మోత తగ్గించడం వేరు, పక్కింటికి వినపడకుండా చెయ్యడం వేరు. ఫోము కొనేవాళ్ళలో ఎంతోమంది ఈ రెండూ ఒకటే అనుకుంటున్నారు. దయచేసి అనుకోకండి. పరుపుల దుకాణంలో దొరికే మామూలు ఫోముని గోడలకి అంటించి, దాని పక్కన కరెంటు ప్లగ్గులు పెట్టుకోవడం నాకు భయం పుట్టించే పని.

కోడిగుడ్ల అట్టలు కూడా అలాంటివే. పలచని కాగితపు గుజ్జు. పీల్చుకునేది అంతంత మాత్రం, అంటుకోవడం మాత్రం క్షణంలో పని. థర్మోకోల్ అయితే దాని గదులన్నీ మూసుకుని ఉంటాయి, గాలి లోపలికి పోనే పోదు, శబ్దాన్నీ పట్టుకోదు.

మరి ఏది కొనాలి? నా ఓటు రాతి ఉన్నికి. రాక్‌వూల్ అంటే తెలుస్తుంది. బసాల్టు లాంటి రాళ్ళని కరిగించి పోగులుగా లాగుతారు కనక అంటుకోదు, చెదలు తినవు, ఎలకకి రుచించదు. ఫాల్స్ సీలింగ్ వాళ్ళకీ, ఏసీ డక్టులు వేసేవాళ్ళకీ సరుకు అమ్మే దుకాణాల్లో పలకలుగా దొరుకుతుంది. ఘనపు మీటరుకి ఇన్ని కిలోలని సాంద్రత చెబుతారు. గోడ ప్యానెళ్ళకి 48 గానీ 64 గానీ అడగండి. బరువైనది మేలని 96, 144 కొంటారు కొందరు. నాలుగంగుళాలకి మించిన మందాల్లో అంత గట్టి సరుకు అక్కర్లేదు, తేలికదే నయం. గాజు ఉన్ని కూడా ఇంచుమించు ఇలాగే పనిచేస్తుంది, దురద కాస్త ఎక్కువ. ఈ ఉన్నులు క్యాన్సర్ తెస్తాయని భయపడేవాళ్ళున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఇన్సులేషన్‌కి వాడే గాజు ఉన్నిని, రాతి ఉన్నిని పరిశీలించి, క్యాన్సర్ కారకాలని చెప్పడానికి తగిన ఆధారం లేదన్న వర్గంలో పెట్టింది. ఆ నివేదిక 2002లో వచ్చింది. అయినా కోసేటప్పుడు మాస్కు, చేతులకి తొడుగులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. పనంతా మేడ మీదో, పెరట్లోనో పెట్టుకోండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

చట్రం చేయించడం వడ్రంగికి పూట పని. నాలుగంగుళాల లోతున్న చెక్క చట్రం, అందులో రాతి ఉన్ని, చుట్టూ గుడ్డ. గుడ్డ ఎంపికకి పరీక్ష చాలా తేలిక. గుడ్డని పెదవులకి ఆనించి గట్టిగా ఊదండి. ఊపిరి అవతలికి ధారాళంగా పోతే ఆ గుడ్డ పనికొస్తుంది, ఎందుకంటే ఊపిరి పోయే చోట శబ్దమూ పోతుంది. రెక్సిన్‌లో నుంచి ఊపిరి పోదు, అది పనికిరాదు. మన మంగళగిరి నేత, పొందూరు ఖద్దరు, కలంకారీ అద్దిన పలచని నూలు, అన్నీ ఈ పరీక్షలో నెగ్గుతాయి. ఫోము పలకల కంటే గోడకి అందం కూడా. కోస్తా జిల్లాల్లో ఉండేవాళ్ళు ఒక జాగ్రత్త పడాలి. చెమ్మ ఊరే గోడకి ప్యానెల్ ఆనించకూడదు. వెనక రెండంగుళాలు వదిలితే శబ్దానికీ మంచిది, గోడకీ గాలి ఆడుతుంది. చెక్కకి చెదల మందు పూయించండి.

ఇంట్లో ఉన్న సరుకునీ తక్కువ చెయ్యొద్దు. పత్తి పరుపు, బూరుగు దూది పరుపు చక్కగా పీల్చుకుంటాయి. నిప్పు, పురుగు, చెమ్మ అనే మూడు భయాలుండబట్టి గోడకి శాశ్వతంగా బిగించమని చెప్పను గానీ, పరీక్షకి వాటిని మించినవి లేవు. మేనల్లుడి గదిలో గోడల మీది ఫోము సగం పీకించి, రెండు పత్తి పరుపులు చుట్టచుట్టి స్పీకర్ల వెనక ఉన్న రెండు మూలల్లో నిలబెట్టించాను. మళ్ళీ అదే కచేరీ పెట్టాం. తొప్పి మీది దెబ్బ పడిన చోట పడి ఆగింది. అంతకుముందు మోత కింద పూడిపోయిన తంబురా బయటికొచ్చింది. వాడు లేచి వెళ్ళి పరుపులు తీసి విన్నాడు, మళ్ళీ పెట్టి విన్నాడు. ఆ తరవాతే రాతి ఉన్ని కొన్నాడు.

మూలల్లోనే ఎందుకంటే, మంద్రస్వరాల ఒత్తిడంతా వచ్చి పోగయ్యేది అక్కడే. మన పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గదినే చూడండి. గోడకీ గోడకీ మధ్య, నేలకీ శ్లాబుకీ మధ్య రెండు పక్కలా 57 హెర్ట్జ్ దగ్గర ఒకే స్వరం నిలబడిపోతుంది. రెండు కొలతలూ సమానం కనక రెట్టింపు మోత. పన్నెండడుగుల పొడవు వల్ల 48 దగ్గర ఇంకొకటి. ఎనిమిది ప్యానెళ్ళలో నాలుగు మూలలకే పెట్టండి. మూలని ఐమూలగా కోస్తూ నిలబెడితే వెనక మూడు కోణాల ఖాళీ దానంతటదే వస్తుంది. రెండు పక్క గోడలకి ఒక్కొక్కటి. గోడ మీద ఎక్కడ పెట్టాలో ఆ చోటు పట్టుకోవడానికి అద్దం వాడతారు. మీరు వినే కుర్చీలో కూర్చోండి. ఇంకొకరిని అద్దం పట్టుకుని గోడ వెంట నడవమనండి. అద్దంలో స్పీకరు ఎక్కడ కనబడుతుందో, ప్యానెల్ అక్కడ. మిగిలిన రెండూ తలపైన శ్లాబుకి అడుగు కిందగా వేలాడదీయండి. వెనక గోడకి పుస్తకాల అల్మారా చాలు. పొడుగూ పొట్టీ పుస్తకాలు అటూ ఇటూ శబ్దాన్ని చెదరగొడతాయి, గది చచ్చుబడకుండా ఉంటుంది.

కుర్చీ గదికి సరిగ్గా నడిమధ్య వేసుకోకండి. పొడవు మీద నిలబడే ఆ 48 హెర్ట్జ్ స్వరం అక్కడ వినబడదు. పన్నెండడుగుల గదిలో వెనక గోడకి నాలుగున్నర అడుగుల ముందు కూర్చుని చూడండి. ఇందుకు పైసా ఖర్చు లేదు.

ఆఖరుగా ఒక విన్నపం. తయారైన ప్యానెళ్ళు కొనాలనుకుంటే దుకాణంవాళ్ళు ఎన్ఆర్‌సీ అని ఒక అంకె చూపిస్తారు. 0.8 అనో 0.9 అనో ఉంటుంది. అది 250, 500, 1000, 2000 హెర్ట్జ్‌ల దగ్గర కొలిచిన పీల్పుల సగటు. 125 అందులో లేదు. మీ గదిని మోతెక్కించే మంద్రం మొత్తం ఆ అంకెకి బయటే ఉండిపోయింది. అందుకని ఆ ఒక్క అంకె చూసి డబ్బు కట్టకండి. పూర్తి పరీక్ష పట్టిక అడిగి, 125 కింద ఏం రాసి ఉందో చదవండి. పట్టిక లేదంటే అక్కడ కొనకండి. ఆ డబ్బుతో నాలుగంగుళాల రాతి ఉన్ని, నాలుగు గజాలు ఎక్కువగానే నేతగుడ్డ తెచ్చుకుని, తెలిసిన వడ్రంగిని పిలవండి.